రెండు కట్టలు తక్కువ

మెట్‌పల్లి బస్టాండు ఎదురుంగ
ఖలీల్ సేటు టికెట్ల దుకాణంల
పదకొండేండ్ల సంది దూరాలు చెప్తున్న.
మస్కట్‌కు మూడుంబావు, దోహాకు నాలుగున్నర,
రియాద్ అంటే ఐదు, నేరుగ పోతే.
నేనైతే శంషాబాద్ గేటు దాకనే పోయిన, రెండు మాట్ల.
కాయితాలు అందిచ్చి మర్లొచ్చిన.

లసుంబాయి వచ్చిన దినం ఎండ మస్తుగుండె.
గోర్లల్ల తంబాకు వాసన,
చూపుడువేలుకు దారం కోసిన గీత.
"దుబాయ్ ఎంత దూరం బిడ్డా?"
రెండువేల ఐదునూర్ల యాభై కిలోమీటర్లన్న.
ఆమె మొఖంల ఏం కదల్లే.
కిలోమీటర్లు ఆమె చేతికందే సామాను గాదు.
నాలుగు గంటల దారి, అన్న.
అప్పుడు కండ్లు మూసి లెక్కవెట్టింది.
"గంటకు నూరు. నాలుగు నూర్లు.
పదారు కట్టలు.
గంతేనా! ఈడికెల్లి శంషాబాద్‌కు
బస్సే ఇరవైరెండు కట్టలు పట్టె."

నాకు నవ్వొచ్చింది.
నవ్వుతనే కాలిక్యులేటర్ తీసి చూసిన.
తప్పు లేదు.

"మర్లొచ్చేటప్పుడో?"
మూడున్నర. పడమటి గాలి ఎనుకనుంచి నూకుతది.
"పద్నాలుగు" అన్నది, కొంచెం సేపాగి
"గాలి సుత మా మున్షీ తీర్గనే ఉన్నట్టుంది,
ఏదో వంకవెట్టి రెండు కట్టలు తీసేస్తది."

టికెట్ చదివి చెప్పిన:
దాసరి భూమయ్య,
తెల్లారగట్ల నాలుగు పదికి లేస్తది,
ఆరు నలభైకి దిగుతది.
"ఆగు. అది పది కట్టలే గదా?"
ఆడి గడియారం గంటన్నర ఎనుక నడుస్తదని
చేతులు తిప్పి తిప్పి చెప్పిన.
"అంటే చుట్టిన ఆరు కట్టలు విప్పి
మల్ల ఉత్త ఆకులు చేసినట్టు."
ఇన్నేండ్లల్ల ఎవ్వలూ ఇంత సక్కగ చెప్పలే.
సేటుకు చెప్తే
చాయ్ సాసర్ల ఒంపుకుంట ఊఁ అన్నడు.

పోయే దినం
ఏడింటికి షట్టరు లేపేసరికి
మెట్ల మీద కూసోనున్నది, ఒళ్లె చాట,
పక్కన పదకొండు కట్టలు.
నాలుగు పదికి మొదలువెట్టిందట, లైటు కింద.
నా ఫోన్ల ఆ విమానం
జొన్నగింజంత, నీలం మీద.

"ఇప్పుడు ఏ రాజ్యంల ఉన్నడు?"
నీళ్ల మీద.
"నీళ్లు ఎవలియి?"
నాకు తెల్వదు. ఫారంల ఆ గడి లేదు.

కత్తెర ఆపింది.
"ఈడ ఫైనాన్సోడు ఫోన్ చేస్తే కలువది.
ఆడ కఫీలుకు ఇంకా అందలే.
అంటే ఇప్పుడు మా ఆయిన
ఎవ్వల కిందా లేడు."

నేను టికెట్ల కట్ట సదురుతున్నట్టు చేసిన.

"మెల్లగ పోమ్మని చెప్పరాదు
ఆ నడిపేటాయినకు."

గింజ ఒడ్డు దాటింది, ఇసుక మీదికి మల్లింది.
బస్టాండుల కోరుట్ల బస్సు రివర్సు తీస్తున్నది,
కండక్టరు రైట్ రైట్ అని చేతితోటి బాడీని కొడ్తున్నడు.
ఆమె తునికాకును నీళ్లల్ల ముంచి
అరచేతిల పరిచి, ఈనె తడిమి,
ఇంతకుముందటికంటే నిమ్మలంగ చుడ్తున్నది.

ఎనిమిది పదికి ఫోన్ల గింజ ఆగింది.
పదారో కట్ట ఇంకా సగంలనే ఉన్నది.
నేను చెప్పలే.
ఇంకో మూడు చుట్టింది.