ఓయ్వాకు అభినందనలు

పేపరు మిల్లు మూసేసిన తొమ్మిదో నెల
ఉపాధి కార్యాలయంలో వెన్లా అనే పిల్ల
నా మొహాన్ని ఒక గుండ్రంలో ఇరికించింది.
"నవ్వండి సిర్కా, కాస్త పళ్ళు కనపడాలి."
మా క్యుమి నది ఒడ్డున
పళ్ళు చూపించేది పళ్ళ డాక్టరుకే.

పేరు కింద ఒక్క వాక్యం రాయాలట, నేనెవరో.
ముప్పై ఒక్కేళ్ళు
మూడో నంబరు మెషీను చివర నిలబడి
వేడి తగ్గని కాగితాన్ని చెవి దగ్గర ఆడించి
ఇది ఎనభై గ్రాములు, ఇది డెబ్బై ఎనిమిది,
దీని అంచు రేపటికి చిరుగుతుంది
అని చెప్పినదాన్ని.
వెన్లా టకటకా కొట్టింది:
"నాణ్యతా నిపుణురాలు. కొత్త అవకాశాలకు సిద్ధం."
ఆ 'సిద్ధం' ఎవరా అని
పక్క కుర్చీ వైపు చూశాను.

నైపుణ్యాలకు ఒక గడి.
తెరిస్తే జాబితా జారుతూనే ఉంది,
నాయకత్వం, సమన్వయం, వ్యూహరచన...
"చెవితో తూకం" అన్నాను.
అలాంటిది లేదంది.
దగ్గర్లో "విని అర్థం చేసుకోవడం" ఉంది,
పెట్టెయ్యనా అంది.
పెట్టెయ్యమన్నాను.

ఇక పరిచయాలు. కనీసం యాభై.
మా ఊళ్ళో ఒకరి తలుపు కొట్టాలంటే
బూట్ల మంచు దులుపుకుని, ఒకసారి దగ్గి,
ఇంకాసేపు ఆగుతాం.
ఇక్కడ ఒక్క వేలితో
టాంపెరేలో ఎవరో డైరెక్టరు గుమ్మంలోకి దూరిపోవడమే.
మొదటి రాత్రి పదకొండు మందికి పంపి
దొంగతనం చేసినదానిలా దీపం ఆర్పేశాను.

తెల్లారేసరికి ఇద్దరు ఒప్పుకున్నారు.
ఒకడు నాకు బీమా అమ్మబోయాడు.
ఇంకొకడు మా పాత ఫోర్‌మన్,
మిల్లు మూతపడ్డ రోజు గేటు దగ్గర
ముక్కు చీదుకుంటూ నిలబడ్డవాడు,
ఇప్పుడు "మార్పు దారిలో మార్గదర్శి" అట.
అతని పోస్టుకు లైకు కొట్టాను. ఏం చేస్తాం,
తెప్పను తగలేసే సరదా
ఏరు దాటినవాళ్ళకి.

మార్చి మొదట్లో ఒక సోమవారం ఫోను గంట కొట్టింది.
"ఓయ్వా ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు పూర్తిచేసుకున్నారు.
అభినందించండి."

ఓయ్వా పోయి రెండేళ్ళు.
మిల్లు పోయి ఏడాది.
లేని మనిషికి లేని చోట
నౌకరీ ఇంకా నడుస్తోంది,
జీతం లేదు, సెలవూ లేదు.
ఫోటోలో అదే నీలం టోపీ,
వెనక మూడో నంబరు మెషీను.
దాన్నిప్పుడు ముక్కలుగా విప్పి
ఓడలో ఎక్కడికో పంపేశారు.

వేలు దానంతటదే పోయి నొక్కింది.
అభినందనలు వెళ్ళిపోయాయి.
వెనక్కి పిలవడం వెన్లా నాకు నేర్పలేదు.

మూడో రోజు
ఓయ్వా జవాబిచ్చాడు.

పొయ్యి మీద కాఫీ పొంగిపోయింది.

"నేను ఇల్టాని, వాళ్ళమ్మాయిని.
పాస్‌వర్డు నాన్న ఆవిరిగది తలుపు వెనక
పెన్సిలుతో రాసిపెట్టుకున్నాడు.
మూసెయ్యడానికి చెయ్యి రాలేదు.
కాగితాన్ని వినే సిర్కా మీరేనా?
మెషీను అబద్ధమాడిన రోజు
ఆవిడ చెవినే అడిగేవాళ్ళం అనేవాడు."

లాహ్తిలో అట్టపెట్టెల కంపెనీ ఆమెది, అంటే ఆమె పనిచేసేది.
అక్కడ తూకాలు సెన్సార్లు చూసుకుంటాయి.
సెన్సార్లను ఎవరు చూసుకోవాలో
ఎవరికీ తెలీదట.
"ఒకసారి వచ్చి వినండి.
హామీ మాత్రం ఇవ్వలేను."

ఇన్ని నెలల్లో నేను నమ్మిన మాట
అదొక్కటే.

ఆ రాత్రి నా పేజీ తెరిస్తే
"విని అర్థం చేసుకోవడం" పక్కన
ఒకటి అనే అంకె.
సమర్థించినవారు: ఓయ్వా.
చాలాసేపు చూసి, ఏం చెయ్యాలో తెలీక
ఫోనుకి చార్జింగు పెట్టాను.

గురువారం రైలు.
సంచిలో సర్టిఫికెట్లు, రై రొట్టె,
వెన్లా ముద్రించి ఇచ్చిన నా గుండ్రటి నవ్వు.
దాన్ని తీసి చెవి దగ్గర ఆడించాను.
డెబ్బై అయిదు గ్రాములు. బయటి సరుకు.
నారలో పొగరు లేదు.

ఎదుటి సీటు కుర్రాడు ఫోనులోంచి తలెత్తాడు.
ఏం వినపడిందని అడగలేదు.
మావైపు అడగరు.