తూకానికొచ్చిన కీబోర్డు

రాయచూరు రోడ్డు మీద పాతసామాన్ల దుకాన్ల
దీన్ని నాకు తూకానికి అమ్మిండు మౌలాలి.
రెండు కిలోల మూడొందల గ్రాములు.
కిలో ముప్పై అయిదు చొప్పున లెక్కగట్టి
ఎనభై తీసుకోని, అర్ధ రూపాయి ఇడిసిపెట్టినందుకు
దానకర్ణుని లెక్క మొఖం పెట్టిండు.
టెలిఫోన్ల ఆఫీసు ఖాళీ చేసిన్నాడు
విరిగిన కుర్చీలతోని, ఫ్యాను రెక్కలతోని కలిసొచ్చిందట.
చాయ్ ఒలికి ఎండిన రంగు.
తోక చివర గుండ్రటి పిన్ను,
ఇప్పటి డబ్బాలకు ఆ బొక్కే లేదు.
తోకకు ఇంకో తోక కొంటే నూట ఇరవై.
అసలు కన్నా మిత్తి ఎక్కువ.
తెచ్చి బీరువ మీద పెట్టి మర్శిపోయిన.

కలెక్టరాఫీసు గోడకు ఆనుకోని ఉంటది నా బల్ల.
సోమారమొస్తే ప్రజావాణి.
తెల్లారకముందే బస్సులెక్కిన మనుషులు,
కవర్లల్ల పాసుబుక్కులు,
నోట్లె సగం నమిలిన మాట.
అప్పట్ల నాది కొత్త కీబోర్డు,
జొన్నరొట్టె కన్నా పల్చన,
పిల్లి నడిచినంత సప్పుడు.
ఏలు ఆనిందో లేదో దానికే తెల్వది.
గండీడు దిక్కుకెల్లి వచ్చిన ఉసేనమ్మ
అరగంట చెప్పి చెప్పి, ఆగింది.
“రాస్తున్నవా బిడ్డా, ఊకె ఇంటున్నవా?”
తెర ఆమె దిక్కు తిప్పిన.
చదువురాని కండ్లకు తెర గూడ గోడనే.
నమ్మలే.
ఇరవై రూపాయల నోటు మళ్ల కొంగుకు ముడేసుకోని
లేచిపోయింది.

గా రాత్రే బీరువ మీదికెల్లి దీన్ని దించిన.

ఒక్కొక్క మీట కింద ఒక స్ప్రింగు.
నొక్కితే ఒంగుతది, ఒంగి ఒంగి టక్కుమని తిరగబడ్తది.
అక్షరం పడ్డదని ఏలికి చెప్తది,
చెవికి చెప్తది,
ఎదురుంగ కూసున్నోళ్లకు గూడ చెప్తది.
పక్క జిరాక్సు అంజద్‌కు తలకాయ నొప్పి.
“అక్కా, అది కీబోర్డా, పల్లికాయ కొట్టే మిషనా?”

మీటల మీద ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలు.
తెలుగు ఏళ్లల్ల ఉంటది.
అన్నిట్ల ముందు అరిగింది ‘డి’,
వాగుల గుండు లెక్క నున్నగయ్యింది.
ఒక అక్షరం కింద ఇంకోటి ఒదగాలంటే
నడుమ దాన్నే నొక్కాలె.
పట్టాకు ఒకసారి, హద్దుకు ఒకసారి,
మ్యుటేషన్‌కు రెండుసార్లు,
‘అయ్యా’ అని మొదలువెట్టే ప్రతి కాయిదానికి ఒకసారి.

ఎండకాలం ‘మ’ కింది స్ప్రింగు ఇరిగింది.
గడియారాల పెంటాచారి
పెన్నుల స్ప్రింగు కత్తిరించి పెట్టిండు.
అప్పటికెల్లి ‘మ’ జర ఎక్కువ ఎదురుతంతది.
మండలం, భూమి, మాది,
అన్నిట్ల ఒక తన్ను.

ఆదివారం మీటలన్ని పీకి సర్ఫు నీళ్లల్ల ఏస్తా,
చాటల ఆరబోస్తా.
లోపల ఏముంటయనుకున్నరు?
పల్లి పొట్టు. బీడీ నుసి. ఒక జొన్న గింజ.
బల్ల మీదికి ఒంగి చెప్పినోళ్ల కొంగులకెల్లి, రుమాళ్లకెల్లి
రాలిన మట్టి,
కొంత ఎర్రది, కొంత నల్లది.
ఎవల సర్వే నంబరుదో నేనైతే చెప్పలేను.

మొన్న ఉసేనమ్మ మళ్లొచ్చింది.
అదే ముడి, అందుల అదే నోటు అనుకుంట.
రెండు లైన్లు కొట్టంగనే మొఖం ఎలిగింది.
“గట్లనే, గట్టిగ కొట్టు బిడ్డా,
లోపలున్నాయనకు ఇనబడాలె.”
ఎకరం పదకొండు గుంటలు,
తూర్పుకు కుంట కట్ట, పడమరకు మరిది చేను,
కాయితాల్ల ఎవని పేరో ఎక్కింది.
కండ్లు మూసుకోని చెప్తున్నది,
చేను గట్టు మీద నడుస్తున్నట్టు.

కరెంటు పోయింది.
అంజద్ మిషన్ ఆగింది, ఫ్యాను ఆగింది,
నా తెర నల్లగయ్యింది.
ఆమె చూడలే.
ఇప్పుడు ఆపితే
ఆ గట్టు నడుమ ఆమె ఆగిపోతది.
నేను ఆపలే.
టకటక కొడుతనే ఉన్న,
యాడా పడని అక్షరాలు,
‘మ’ వచ్చినప్పుడల్ల ఏలికి ఒక తన్ను.
అంజద్ నా దిక్కు చూసిండు,
నోరు తెరిచి, మళ్ల మూసిండు.

నలభై నిమిషాలకు కరెంటొచ్చింది.
ఆమెకు చాయ్ చెప్పి
మళ్ల మొదటికెల్లి కొట్టిన.
పైసలు మాత్రం ఒక్కసారికే.