కాలం అయిన జాడ

నాలుగు వందల పన్నెండు బోర్లేసిన.
నూట అరవైట్ల నీళ్లు పడ్డయి.
మిగిలిన పొక్కలకెల్లి లేచిన తెల్లదుమ్ము
ఇంకా నా దగ్గుల ఉన్నది.

ఇన్నేండ్లు భూమిని ఒక్కటే అడిగిన:
ఉన్నయా, లెవ్వా?
ఉన్నయంటె కొబ్బరికాయ, పసుపు, కేకలు.
లెవ్వంటె రైతు మొఖం చూడకుండ
రాడ్లు ఇప్పుకొని లారీ ఎక్కుడే.

ఈమె వేరే ప్రశ్న పట్టుకొని వచ్చింది.

దేవరకొండ దిక్కు, డిండి వాగొడ్డున
మోదుగు చెట్టు కింద జీపు ఆపి
దుప్పట్ల చుట్టిన గొట్టం ముక్కను దించింది,
కాలిరిగిన మనిషిని దించినట్టు.
పేరు మెహరున్నీసా. ఊరు మిర్యాలగూడ.
చదివేది మట్టి.

కృష్ణ సముద్రంల కలిసే కాడ
బురదలకు దిగగొట్టి తీసిందట.
నిలువున చీరి ఉన్నది. పైబద్ద లేపింది.
నేను దుమ్ము రంగు చూసి బండ పేరు చెప్పెటోన్ని,
కాని ఇట్ల, తడితోని, వరుస చెడకుండ
లోపలిది బయటికొచ్చుడు ఎన్నడు చూడలే.
నా రిగ్గు అన్నీ పొడి చేసి ఊదేస్తది.

వేలు ఆనకుండ చూపెట్టింది.
ఈ నల్లది ఎగువ రేగడి.
ఈ బూడిద రంగుల తెల్లచుక్కలు గవ్వలు, సూదిమొనంతవి,
సముద్రం లోపలికొచ్చిన నాటివి.
ఈ సన్నబురద వాగులు నడవని ఏండ్లది,
సత్తువ లేని నది మెత్తటిదే మోసింది.
మరి ఇదేంది?
చిటికెనవేలు మందాన ఎర్రచార.
"ఇది మీది కావచ్చు" అన్నది.

కావచ్చు అన్నది. అవునన్లే.
అందుకే వచ్చిందట, మా వాగుల పిడికెడు తీసుకపోయి
రెండు రవ్వలను పక్కపక్కన పెట్టి చూసెటందుకు.

ఎన్నేండ్ల కిందిది అన్న.
పన్నెండు వందలు, అరవై అటో ఇటో.
నవ్వొచ్చింది నాకు.
ఆధార్ కార్డుల నేను గూడ
జనవరి ఒకటినే పుట్టిన.

పుప్పొడి గూడ దొరుకుతదట అండ్ల.
జొన్నదా, అన్న ఆశగ.
తెల్వదు. జొన్న, గరిక, బోద,
అద్దం కింద అన్నీ ఒక్క తీరే గుండ్రంగుంటయట.

మోకాళ్ల మీద గీతల కాగితం పరిచింది.
అడ్డం పోయేది కాలం,
పైకి లేచేది వాన అన్నది.
రెండెందుకు బిడ్డా, అన్న.
మా దిక్కు వాన పడితెనే కాలమైందంటం.
పడకుంటె కాలం కాలేదంటం.
కాని ఏడు
షావుకారి పద్దుల తప్ప యాడ కనపడది.
ఆమె పెన్నుకు మూత పెట్టి, మళ్ల తీసి
కాగితం అంచున ఆ మాట రాసుకున్నది.

అప్పుడు అడిగిన, అడగొద్దనుకుంటనే.
మా నాయన చెలక, ఎకరం ముప్పై గుంటలు,
ఒక్క రాత్రి వానకు ఈ వాగుల కలిసింది.
పాసుబుక్కుల ఇంకా ఉన్నది గాని
అరక దున్నెటందుకు లేదు.
గొట్టంల యాడనన్న ఉంటదా?

ఉంటె అన్నిట్ల కంటె పైన ఉండాలె, అన్నది.
కాని పైది జానెడు, గొట్టం దించేటప్పుడే చెదిరిపోయింది.
దాన్ని లెక్కల పట్టరట.

ఇగ మాట్లాడలే ఇద్దరం.
నీళ్లు లేని వాగుల నేనే దిగిన.
పార వద్దు, చేతులతోటే, అన్నది.
ఎర్రటి రవ్వ, ఎండకు కాలుతున్నది,
కవర్ల పోసి ముడేసిన.

చీటీ ఇచ్చింది రాయమని.
ఊరు రాసిన. తారీకు రాసిన.
లోతు, అని ఉన్న కాడ ఆగిన.
బిల్లుబుక్కుల ఆరు వందల ఫీట్లు,
ఎనిమిది వందల యాభై ఫీట్లు రాసిన చెయ్యి
సున్న చుట్టింది.