మాటు

నరసన్నపేటలో జెరాక్సు కొట్టు మేడ మీద
ఒకటిన్నర గది నాది.
వెబ్‌సైటు మూడు వేలు, ఐదు పేజీలు,
ఫోటోలు మీవే అయితే రెండొందలు తగ్గింపు.
జీడిపప్పు బట్టీకి కట్టాను, టెంట్‌హౌసుకి కట్టాను,
పెళ్ళి వంటల కామేశానికి కట్టాను.
ఆయన డబ్బులివ్వలేదు గాని
మా అక్క సీమంతానికి రెండు బేసిన్ల పులిహోర పంపాడు.

కట్టడం అనే అంటాను నేను, ఇల్లు కట్టినట్టే.
ముందు గుమ్మం, తర్వాత గదులు,
ఆఖర్న ఎవరూ చూడని చోట తాళాలూ గడియలూ.

బుడితి నుంచి ముఖలింగం వచ్చాడు,
గోనెసంచిలో కంచు గిన్నెలూ ఒక గంటా వేసుకుని.
బస్సు కుదిపినప్పుడల్లా సంచి మోగితే
గుడి సామాననుకుని కండక్టరు
లగేజీ కొట్టలేదట.
"ఊరందరూ నెట్టులో పెట్టేస్తన్నారు గదమ్మీ,
మాదీ ఓ పేజీ ఏసీ."

ఫోటోలకి నేనే వెళ్ళాను.
కొలిమి ముందు వాళ్ళావిడ మాణిక్యం
కంచు చెంబుకి ఆఖరి మెరుగు పెడుతోంది.
ఎటు తిప్పి తీసినా
చెంబు పొట్టలో నేనే,
పొట్టిగా, లావుగా, మొహం ఉండాల్సిన చోట ఫోను పట్టుకుని.
చెరిపేస్తానన్నాను.
"ఉండనీ. కొన్నోళ్ళూ అలాగే కనిపిస్తారు గదా దాంట్లో."

మా గురించి అనే పేజీకి
ఎన్నేళ్ళుగా చేస్తున్నారని అడిగాను.
"మా మామ సేస్తుంటే సూశాను.
అంతకు ముందల నాను లేను గదా, నాకేటి తెలుసు?"
అలాగే రాశాను. మా మామ చేస్తుంటే చూశాను.
ఆ పేజీలో ఇంకేం లేదు.

ధర దగ్గర పని ఆగిపోయింది.
చెంబు ఎంత? గంట ఎంత?
భార్యాభర్తలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.
"మనిషిని సూడకుండా ఎలాగమ్మీ సెప్పడం?
పెళ్ళికి కొనేవోడికో రేటు,
కూతురు అలిగి కూర్చుంటే కొనేవోడికో రేటు,
బేరం ఆడకుండా నిలబడిపోనోడికి
మేవే తగ్గించేస్తాం."
నా గడిలో ఒక్క అంకెకే చోటుంది.
ఎంత వెడల్పు చేసినా
ఒక మనిషి మొహం పట్టలేదు అందులో.
ఫోన్ చేయండి అని రాసి ఊరుకున్నాను.

పదకొండు రోజుల్లో ఏడుగురు చూశారు.
నలుగురు నేనే.
ఒకసారి ముఖలింగం మేనల్లుడి ఫోనులో తెరిస్తే
గుమ్మం పక్కకి ఒరిగిపోయి
గంట బొమ్మ సగమే కనిపించిందట.
రాత్రి కూర్చుని సరిచేశాను, కరెంటు రెండుసార్లు పోయింది.

పన్నెండో రోజు ఫోనొచ్చింది.
ఢిల్లీ కాదు, బెంగుళూరు కాదు,
హిరమండలం.
"మీరు మాట్లేస్తారా?
మా అమ్మ బిందె అడుగున చిల్లి పడింది.
కొత్తది కొనుక్కోమంటున్నారంతా.
నాకు కొత్తది వద్దు."

ముఖలింగం నా గదిలోకొచ్చి
కుర్చీ అంచున కూర్చుని చెప్పాడీ సంగతి,
చెప్పరాని మాట చెప్పినట్టు.
"మాట్లెయ్యడం మా తాత నాటి పని.
సైకిలు మీద ఊళ్ళంట తిరిగేవోడు.
అది కూడా ఒక పనేటి, నెట్టులో రాయడానికి?"
ఫోను స్పీకరులో ఉందని ఆయనకి గుర్తులేదు.
అటువైపు నుంచి, వెనకాల సుత్తి చప్పుడుతో సహా,
మాణిక్యం అంది:
"రాసీమ్మీ."

ఆరో పేజీ. డబ్బులడగలేదు.
పైన అడుగు పోయిన బిందె బొమ్మ పెట్టాను,
ఆ చిల్లిలోంచి హిరమండలం వాళ్ళ పెరడు,
ఒక బొప్పాయి చెట్టు, ఆరేసిన తువ్వాలు
కనిపిస్తున్నాయి.
కింద రెండు ముక్కలు:
పాత సామానుకి మాట్లు వేస్తాము.
ధర,
ఈసారి గడి ఖాళీగా వదల్లేదు,
చిల్లిని బట్టి.