మొదటి కాలం

సన్నాయి పెట్టె హ్యాండిల్‌కి అడ్డంగా కట్టి
అంబాజీపేట పెళ్ళికి బయల్దేరుతుంటే
జిలానీ అన్నాడు:
"ఒక్క తీగ తెంపితే చాలు బాబాయ్,
ఇరవై అయిదు దగ్గర ఆగే మోటారు
నలభై దాటి పోద్ది."

తెంపాడు. నేనూ వద్దనలేదు.
ఊరేగింపుల వెంట నడిచి నడిచి
మోకాళ్ళు అరిగినవాణ్ణి.

వెళ్తూ వెళ్తూ అరటిగెలల లారీని దాటాను.
డ్రైవరు తల బయటపెట్టి ఏదో తిట్టాడు,
నా చెవికది శభాష్‌లా వినబడింది.

తిరుగుదారి తెల్లారగట్ట.
మార్గశిరం. లొల్ల లాకుల దగ్గర మంచులో
రోడ్డు తెల్లగా కదులుతోంది.
బాతులు.
కోసిన చేలోంచి కాలవలోకి ఏడెనిమిది వందలు,
వెనకాల ఓ కుర్రాడు, కర్ర చివర యూరియా సంచి ముక్క.

బ్రేకు పట్టాను.
అది సైకిల్ కోసం పుట్టిన బ్రేకు,
నలభై సంగతి దానికెవరూ చెప్పలేదు.
గట్టు దిగి బోదెలో పడ్డాను, పెట్టెతో సహా.
ఒక బాతు నా మొహంలోకి చూసి
తీరిగ్గా దాటిపోయింది.

కుర్రాడు చెయ్యిచ్చి లేపాడు. తిట్టలేదు.
"లైటు లేదేంటండి?" అన్నాడు, అంతే.

జిలానీ కొట్టు తెరవకముందే వెళ్ళి కూచున్నాను.
"ఆ తీగ అతికించు."
"స్పీడు తగ్గించమని డబ్బులిచ్చే మనిషిని
నిన్నే చూశాను బాబాయ్!"
ముందో లైటు, వెనక ఎర్రటిదొకటి,
బ్రేకు రబ్బర్లు, తలకి హెల్మెట్టు:
పెళ్ళివారి సంభావన అక్కడికి సరి.

రావులపాలెం అడ్డరోడ్డులో
కానిస్టేబులమ్మ చెయ్యెత్తితే ఇప్పుడు ఆగుతాను.
"నెంబరు ప్లేటేదీ?"
"అక్కర్లేని బండండి" అని మోటారు మీద రేకు చూపిస్తాను.
రెండొందల యాభై వాట్లు. ఇరవై అయిదు.
ఆవిడ రేకు చదివి, నన్ను చదివి, పొమ్మంటుంది.
తీగ తెగి ఉన్న ఆ ఒక్క రాత్రీ
నాది ఏ కాగితమూ లేని మోటారుసైకిలు.
ఆవిడకి చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

మా నాన్న ఏడాదిపాటు మొదటి కాలమే ఊదించాడు.
రెండో కాలం అడిగితే సన్నాయి లాక్కునేవాడు.
అప్పుడు కోపమొచ్చేది.

గట్టు మీద ఎడంపక్కగా పోతాను.
బడిపిల్లల సైకిళ్ళు నన్ను దాటిపోతాయి,
బెల్లు కొట్టి మరీ.

బోదెలో పడ్డప్పుడు అనసుకి సన్నని బీట వచ్చింది.
బాగుచేయించలేదు.
కింది షడ్జం పట్టినప్పుడల్లా
పెళ్ళిపందిట్లో ఎక్కడో
ఒక బాతు అరుస్తుంది.