ఏం, ఎంత, ఎప్పుడు

కాలువ కట్టేసిన మూడో రోజు
రైవస్ కాలువ అడుగున మిగిలిన మడుగుల్లో
చేపలు వెల్లకిలా తేలాయి.
కొంగలు కూడా దిగలేదు.
మా పులుసు దిగింది.

పులుసంటే మా కుక్క.
చింతపండు రసం రంగు ఒళ్ళు, అందుకని ఆ పేరు.
ఇరవయ్యేళ్ళుగా చేపలు కోసి బతుకుతున్నదాన్ని,
మొప్ప ఎత్తి చూస్తే చాలు
ఎన్ని పూటల కిందట చచ్చిందో చెప్పేస్తాను.
అది నన్నడిగి తింటుందా?

రాత్రి తొమ్మిదింటికి చొంగ.
పదింటికి వెనక కాళ్ళు
తడిగుడ్డల్లా జారిపోయాయి.
ఉప్పునీళ్ళు పట్టవే, కక్కేస్తుంది, అంది సింహాద్రమ్మ.
మజ్జిగన్నారొకరు. పసుపన్నారొకరు.
కత్తిపీట పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.
ఉప్పు ఇంకా కరుగుతోంది.

అప్పుడు జక్రయ్య తన ఫోను నా చెవికి పెట్టాడు.
పశువుల డాక్టరమ్మ. నిద్ర గొంతు.
ఏం తింది? ఎంత తింది? ఎప్పుడు తింది?
చెప్పాను.
ఏమీ పట్టకండి, మింగలేనిదానికి పోస్తే
ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
పక్కకి తిప్పి పడుకోబెట్టండి.
తిన్నదాంట్లో మిగిలిందేమన్నా ఉంటే
కవర్లో కట్టి తెండి. వెంటనే.

గ్లాసు పారబోశాను.
సెల్లు లైటుతో కాలువలోకి దిగి
సగం కొరికిన బొచ్చె తల వెతికాను.
ఇన్నేళ్ళలో మొదటిసారి
చేప వాసనకి నాకు వాంతొచ్చింది.

ఆటోలో కుక్క తల నా ఒళ్ళో,
చేప తల నా కాళ్ళ దగ్గర.
బెంజి సర్కిల్ దగ్గర ఎర్రలైటుని జక్రయ్య పట్టించుకోలేదు.
దారి పొడుగునా ఆ మూడు మాటలే.
ఏం. ఎంత. ఎప్పుడు.
నాకు జ్వరాలొచ్చాయి, కాన్పులయ్యాయి,
ఒకసారి పచ్చకామెర్లు.
తిన్నావా అన్నవాళ్ళు లేకపోలేదు,
నేను నోరు తెరిచేలోపే
గుమ్మం దాటేవాళ్ళు.

తెల్లారేదాకా సెలైను చుక్కలు లెక్కపెట్టాను.
నాలుగొందలు దాటాక తప్పిపోయి
మళ్ళీ ఒకటి నుంచి.
ఆరింటికి తోక కొస కదిలింది.
కదిలిందా, ఫ్యాను గాలా?

ఇప్పుడే ఏం చెప్పలేం, అంది డాక్టరమ్మ
చేతులు కడుక్కుంటూ.
తర్వాత నా వైపు తిరిగి,
మీరేమన్నా తిన్నారా?

ఆగింది. జవాబు కోసమే ఆగింది.
నేను గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది.
చేపల కంపు కొడుతున్న చేతులు
వెనక్కి దాచుకున్నాను.