డోరు చప్పుడు

రేణిగుంట రోడ్డులో నా షెడ్డు.
అప్పట్లో కొరియా బండి వస్తే
డోరు వేసి చూసేవోణ్ణి.
రేకు డబ్బా మోత.
"అగ్గవకి కొంటే ఇంతే సామీ" అని
చేతులు తుడుచుకుంటా నవ్వినా.
ఘాట్ రోడ్డు మలుపులో పొగలు కక్కినదాన్ని
గొలుసేసి ఈడ్చుకొచ్చింది గూడా నేనే.

ఆ నవ్వు అంత దూరం ఎట్ల వినపడిందో!
గ్యారంటీ కాగితంలో ఏండ్లు పెంచుకుంటా పోయినారు,
రాసిన మాటకి నిలబడినారు.

టాక్సీ మునిరత్నం బండి
మూడు లక్షల కిలోమీటర్లు దాటింది,
దినామూ రెండు ట్రిప్పులు కొండకి.
"ఆయిలు మార్చున్నా, చాలు" అంటాడు.

నిన్న బానెట్ ఎత్తి శానాసేపు నిలబడినా.
తప్పు దొరకలా.
స్పానర్లు పెట్టెలో సర్దేసి
డోరు వేసి చూసినా.
మెత్తగా మూసుకునింది.

ఇంకోసారి వేసినా.